గోడ మీద నా బరువు

పోయిన ఎండాకాలం చివర్లో ఒక ఆదివారం. చర్చి నుంచి వచ్చి నేనింకా చొక్కా కూడా విప్పలేదు. మా తమ్ముడి కూతురు సలోమి ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ చంకలో పెట్టుకుని కొత్తపేటలోని మా ఇంటికి వచ్చింది. వెనకాలే వాళ్లమ్మ నిర్మల. ఫోల్డర్లో పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్ ఉన్నాయి. అన్నీ ఒరిజినల్సే.

"పెద్దనాయినా, వచ్చే శనివారం లోపల గివి ఏదన్న ఒక్క కాలేజీల ఇయ్యాలె. నర్సింగుల సీటొచ్చింది. పశువుల డాక్టర్ల దగ్గర పనిచేసే రెండేండ్ల కోర్సు ఉంది గదా, దాంట్ల గూడ వచ్చింది. యాడ ఇయ్యాల్నో నువ్వే చెప్పు," అంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒకసారి కాలేజీవాళ్ల బీరువాలోకి వెళ్లాయంటే చదువు అయ్యేదాకా బయటికి రావు. మధ్యలో మనసు మార్చుకుంటానంటే కుదరదు. అందుకే ఆ పిల్ల ఫోల్డర్ను కింద పెట్టకుండా ఒళ్లోనే పెట్టుకు కూర్చుంది.

నిర్మల ఎల్.బి.నగర్లో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. నాకు చేతులు జోడించింది. "బావా, నీకు దండం పెడ్త. దీనికి జర బుద్ధి చెప్పు. గిన్నేండ్లు నేను మంది పక్కలెత్తింది ఇది తెల్లబట్టలేసుకొని సూది పట్టుకుంటదని. ఇదేమో కుక్కల మూతులు పట్టుకుంటానంటది. అదీ ఒక బతుకేనా?"

ముప్పై రెండేళ్లు కుక్కల మూతులూ బర్రెల తోకలూ పట్టుకుని బతికినవాడి ఇంట్లో కూర్చుని, వాడి భార్య పెట్టిన చాయ్ తాగుతూ ఆమె ఈ మాట అంది. నాకు కోపం రాలేదు. మొదట్లో మా ఆవిడ కూడా ఇదే అంది, కాకపోతే చాయ్ ఇవ్వకుండా అంది.

సలోమికి నేను జవాబు చెప్పలేదు. "రేపటి సంది ఐదు రోజులు నాతోని క్లినిక్కు రా. గప్పుడు నువ్వే చెప్దువు," అన్నాను. నేను పని మానేసి మూడేళ్లయినా మా డాక్టరుగారు ఇంకా మానలేదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఆయన క్లినిక్ అలాగే ఉంది. రోజూ నడిచి వెళ్తూ, వస్తూ ఆ పిల్లకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఈ చదువులో చేరాలా వద్దా అని ఫోల్డర్ పట్టుకుని కూర్చున్న పిల్లలు ఇంకా ఉంటారు కదా. ప్రమోషన్ల సంగతి ఇందులో వెతక్కండి. నాకు రానివాటి గురించి నేనేం రాయను?

పట్టుకోవడం

నేను పదో తరగతి తప్పినవాణ్ని. ఆ రోజుల్లో మాలాంటివాళ్లను కాంపౌండర్ అనేవారు. ఇప్పుడు చదువుకుని వచ్చేవాళ్లను టెక్నీషియన్ అంటున్నారు, పారావెట్ అంటున్నారు. పేరు ఏదైనా పనిలో సగం పట్టుకోవడమే. డాక్టరుకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలంటే ఇంకొకరికి రెండు చేతులూ నిండుగా ఉండాలి. ఆ ఇంకొకరు మనమే.

మా డాక్టరు వెంకటరత్నం గారిది కృష్ణా జిల్లా. చదువైపోగానే ఇటు వచ్చి స్థిరపడ్డారు. మంచి వైద్యుడు, చాలా చెడ్డ కోపం. నేను చేరిన కొత్తలో క్లినిక్లో కుక్కలు తక్కువ, బయట బర్రెలు ఎక్కువ. నాగోల్ వైపు మూసీ ఒడ్డున ఇప్పుడు అపార్ట్‌మెంట్లు నిలబడ్డచోట అప్పుడు వరసగా పాడి కొట్టాలే. ఆయన స్కూటర్ వెనక మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని ఊరంతా తిరిగేవాణ్ని.

ఒకరోజు మల్లయ్య అనే ఆసామి కొట్టానికి వెళ్లాం. బర్రెకు పొదుగువాపు. చన్నులోకి మందు ఎక్కించాలి. డాక్టరుగారు ఇలా వంగారో లేదో అది ఒక్క తన్ను తన్నింది. ఆయన వెళ్లి గడ్డి తొట్టిలో కూర్చున్నారు.

"ఏవయ్యా యాకోబూ! పట్టుకోమంటే చూస్తూ నిలబడతావేం?" అని తొట్టిలోంచే అరిచారు.

మల్లయ్య మెల్లగా అన్నాడు. "సార్, అది మా ఇంటామెను తప్ప ఎవ్వర్ని దగ్గరికి రానియ్యది. ఆమె అక్క కాన్పుకని ఊరికి పోయింది. నేను గూడ ఆమె చీర కట్టుకొనే పాలు పిండుతున్న."

మేం నవ్వలేదు. పాడి కొట్టాల్లో ఇది ఉన్నదే. పాలు పిండే ఆడమనిషి ఊళ్లో లేకపోతే ఆమె చీర కప్పుకుని మగవాళ్లు కూర్చుంటారు. ఆ వాసనకు బర్రె నిమ్మళిస్తుంది. డాక్టరుగారు తొట్టిలోంచి లేచి, ప్యాంటుకు అంటిన తవుడు దులుపుకుని నా వైపు చూశారు. మల్లయ్య కూడా నా వైపే చూశాడు. రెండు నిమిషాల్లో నేను ఆకుపచ్చ చీరలో ఉన్నాను.

నెత్తిన కొంగు వేసుకుని, దాని పక్కన గొంతుక్కూర్చుని, మల్లయ్య భార్య అన్నట్టే "దా తల్లీ, దా బిడ్డా" అంటూ పొట్ట నిమిరాను. బర్రె ఒకసారి తల తిప్పి వాసన చూసింది. నన్ను పూర్తిగా నమ్మలేదు కానీ మర్యాదకు ఊరుకుంది. నా చంక కిందనుంచి చెయ్యి పెట్టి డాక్టరుగారు పని పూర్తిచేశారు.

అంతా బాగానే ఉంది. కానీ కొట్టం రోడ్డు పక్కన. ఆ సమయానికే మా పాస్టరుగారి భార్య ఆటోలో అటు వెళ్లింది. ఆమె ఆటో ఆపించి మరీ చూసిందట. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు, "మన సహోదరుడు యాకోబు మనసు స్థిరపడాలని అందరం కళ్లు మూసుకుని ప్రార్థిద్దాం," అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. మా ఆవిడ మాత్రం తెరిచి నన్నే చూస్తోంది.

సలోమికి ఈ కథ చెప్పి ఒక మాట అన్నాను. పశువుకు మన చదువు తెలియదు, మన తెల్లకోటు తెలియదు. దాని ముందు పరువు కాపాడుకోవాలనుకునేవాళ్లు ఈ పనికి రాకపోవడమే మంచిది. ఆ పిల్ల మెట్రో పిల్లరు పట్టుకుని చాలాసేపు నవ్వింది.

"మావాడు ఏమీ అనడండీ"

తర్వాత బర్రెలు ఔటర్ రింగు రోడ్డు అవతలికి, అబ్దుల్లాపూర్‌మెట్ దాటి వెళ్లిపోయాయి. కొట్టాల స్థలాల్లో ఫ్లాట్లు లేచాయి. ఫ్లాట్లలోకి కుక్కలు వచ్చాయి. మొదట తెల్ల బొచ్చు కుక్కలు, తర్వాత లాబ్రడార్లు, ఇప్పుడు మొహం ఎక్కడుందో వెతుక్కోవాల్సిన చిన్న కుక్కలు. నేను అదే కుర్చీలో ఉన్నాను, పేషెంట్లు మారారు.

కుక్కలంటే ఇష్టం కాబట్టి ఈ పనిలోకి వస్తామనే పిల్లలు చాలామంది ఉన్నారు. ఇష్టం ఉండాలి, కాదనను. కానీ కుక్క ఒంటరిగా రాదు. దాన్ని పట్టుకుని ఒక మనిషి వస్తాడు. మన రోజంతా ఆ మనిషితోనే గడుస్తుంది. నా చేతుల మీద పదకొండు మచ్చలున్నాయి. అందులో తొమ్మిది, "మావాడు ఏమీ అనడండీ" అని యజమాని చెప్పిన తర్వాత పడినవి. ఆ మాట చెవిన పడగానే మూతికి కట్టే గుడ్డ పట్టీ చేతిలోకి రావాలి. "ఇది కరుస్తది జాగ్రత్తన్నా" అని ముందే చెప్పిన కుక్క ఏదీ నన్ను కరవలేదు.

ఇంకో సంగతి. డాక్టరు అడిగితే మనుషులు నిజం చెప్పరు. మత్తు ఇచ్చే ముందు కుక్క కడుపు ఖాళీగా ఉండాలి. "పొద్దుట్నుంచి ఏమైనా పెట్టారా?" అని డాక్టరు అడుగుతారు. "అబ్బే, మంచినీళ్లు కూడా ఇవ్వలేదండీ," అంటారు. నేను ఆ మాట నమ్మడం మానేసి, బయట బెంచీ మీద పక్కన కూర్చుని అడిగేవాణ్ని. "పాపం, ఆకలికి తట్టుకుంటదా?" అంటే చాలు. "తట్టుకోలేకపోతుంటే ఒక్క ఇడ్లీ పెట్టానండీ. చట్నీ వెయ్యలేదు లెండి," అని బయటపడేది. ఆపరేషన్ మర్నాటికి వాయిదా. డాక్టరుగారు వాళ్ల మీద అరవాల్సింది నా మీద అరిచేవారు.

సలోమి రెండో రోజే ఈ విద్య పట్టేసింది. కడుపు నొప్పితో వచ్చిన ఒక కుక్క గురించి డాక్టరుగారికి ఏమీ తేలకపోతే, ఆ పిల్ల వెళ్లి, దాని వెంట వచ్చిన ముసలావిడ పక్కన కూర్చుంది. ఐదు నిమిషాల్లో వచ్చి, "సార్, వాళ్లింట్ల నిన్న గృహప్రవేశమంట. ఇది ఆరు బొబ్బట్లు తిన్నది," అంది. డాక్టరుగారు కళ్లజోడు మీదనుంచి ఆమెను చూశారు. మెచ్చుకోవడం ఆయనకు అలవాటు లేదు, అలా చూడడమే ఎక్కువ.

నాకు సంతోషం వేసింది. కానీ ఆ సాయంత్రం కొత్తపేట రైతు బజారు దగ్గర మా ఆవిడ చెప్పిన టమాటాలు ఏరుతూ ఉండగా ఆ పిల్ల అసలు మాట బయటపెట్టింది.

"పెద్దనాయినా, నిజం చెప్పాల్నా? అమ్మ నన్ను దవాఖానకు తీస్కపోయింది, నర్సుల పని చూస్తానికి. ఏడో నంబర్ మంచం ఆయనకు షుగరు. ఆయనకు నేను ఎనిమిదో నంబర్ చాయ్ ఇచ్చిన. ఒక్క గుటకనే తాగిండు. ఆయన కొడుకులొచ్చి దవాఖాన పైకప్పు లేపిండ్రు. అమ్మ అందరి కాళ్లు మొక్కింది." టమాటాను ఇటు అటు తిప్పి చూస్తూ అంది. "పశువులకైతే ఏమన్న తప్పు జరిగినా ఎవ్వరేం అనరు గదా. అవి చెప్పలేవు గదా."

టమాటాలు తూయించుకుని ఇంటికి వచ్చేశాను. ఆ పిల్ల కుక్కల మీద ఇష్టంతో ఇటు రావడం లేదు. మనుషులకు జడిసి వస్తోంది. అది తప్పు కాదు, కానీ ఆ లెక్కన చేరితే బీరువాలో పడేది సర్టిఫికెట్లు మాత్రమే కాదు, తన బతుకు కూడా. అందుకని ఎవరికీ చెప్పని సంగతి ఒకటి మర్నాడు చెప్పాను. మా ఆవిడకు కూడా తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

చిట్టిబాబు

నేను చేరిన ఆరో ఏడో ఏడు. అప్పటికి మా దగ్గర పెద్ద తూకం యంత్రం లేదు. మనుషులు ఎక్కి చూసుకునే చిన్న తూకమే ఉండేది. కుక్కను దాని మీద నిలబెడితే నిలబడదు. అందుకని యజమాని కుక్కను ఎత్తుకుని ఎక్కాలి. తర్వాత ఒక్కరే ఎక్కాలి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే కుక్క బరువు. మత్తు మందు ఆ బరువును బట్టే.

చిట్టిబాబు తెల్ల బొచ్చు కుక్క. పుచ్చిన పన్ను తీయాలి. తీసుకొచ్చింది అన్నపూర్ణమ్మ గారు. వాళ్లాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, గుంటూరు వైపు వాళ్లు, నిండైన మనిషి ఆమె. చిట్టిబాబును ఎత్తుకుని తూకం ఎక్కారు. డెబ్బై ఐదు.

"ఇప్పుడు మీరొక్కలే ఎక్కుండ్రమ్మా," అన్నాను.

ఆమె చుట్టూ చూశారు. బెంచీల మీద పదిమంది ఉన్నారు. అందులో ఇద్దరు ఆమె వీధివాళ్లే. "నేనెక్కక్కర్లేదు బాబూ. నా బరువు నాకు తెలుసు. యాభై ఎనిమిది. రాసుకో," అన్నారు.

రాసుకున్నాను. డెబ్బై ఐదులో యాభై ఎనిమిది పోతే పదిహేడు. ఇంత కుక్కకు పదిహేడు కిలోలేమిటని ఒక్క క్షణం అనిపించింది. బొచ్చు బాగా ఉంది, పెరుగన్నం బాగా పెడుతున్నట్టున్నారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాకు చదువు ఉంటే అంత తేలిగ్గా సర్దుకునేవాణ్ని కాదు. ఈ కోర్సు ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు అదే.

డాక్టరుగారు పదిహేడు కిలోలకు మందు లెక్కగట్టి ఇచ్చారు. పన్ను తీశారు. నేను చిట్టిబాబును బల్ల మీదనుంచి ఎత్తి వెనక గదిలోకి తీసుకెళ్లాను. ఎత్తిన మరుక్షణం నా చేతులకు తెలిసిపోయింది. అప్పటికి కొన్ని వందల కుక్కలను ఎత్తిన చేతులవి. నా చేతుల్లో ఉన్నది తొమ్మిది కిలోలకు మించదు.

అప్పుడు నేనేం చేశానో విను అని సలోమికి చెప్పాను. వెంటనే ముందు గదిలోకి పరుగెత్తి చెప్పాలి. నేను చెప్పలేదు. డాక్టరుగారి కోపం గుర్తొచ్చింది. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో గుర్తొచ్చింది. అన్నీ గుర్తొచ్చాయి, ఒక్క కుక్క తప్ప. దాన్ని గోనె మీద పడుకోబెట్టి, పరికరాల ట్రే కడిగాను. అది లేస్తుందేమోనని చూశాను. మళ్లీ ట్రే కడిగాను. అరగంట గడిచింది. చిట్టిబాబు ఊపిరి ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం పెరిగింది. చిగుళ్లు తెల్లబడ్డాయి. అప్పుడు వెళ్లి చెప్పాను.

"సార్, చిట్టిబాబు తొమ్మిది కిలోలే ఉంటది."

ఆయన ఒక చిలుకను చూస్తున్నారు. చిలుకను దాని యజమాని చేతిలో పెట్టి వచ్చేశారు. ఎందుకో ఆ రోజు అరవలేదు. "ఎప్పుడు తెలిసింది నీకు?" అని మాత్రం అడిగారు.

"ఇప్పుడే సార్," అన్నాను.

"సరే. ఆవిడ అసలు బరువు కనుక్కో. ఎంత ఎక్కువ పడిందో నాకు లెక్క కావాలి."

నేను బయటికి వెళ్లి, పదిమందిలో అడిగాను. "అమ్మా, మీ బరువు నిజంగ ఎంత?"

అన్నపూర్ణమ్మ గారి మొహం ఎర్రబడింది. "చెప్పానుగా! ఒక ఆడమనిషిని పట్టుకుని ఎన్నిసార్లు అడుగుతావయ్యా?"

పక్కన వాళ్లాయన పేపరు చదువుకుంటున్నారు. పేపరు దించకుండానే అన్నారు. "అరవై ఆరు."

"మీరు ఊరుకోండి!"

"పోయిన వారమేగా మన డాక్టరు దగ్గర చూశారు. అరవై ఆరు."

కుక్క సంగతి బాగాలేదని చెప్పాను. ఆమె లేచి, చెప్పులు విడిచి, అందరి ముందూ తూకం ఎక్కి నిలబడ్డారు. ముల్లు అరవై ఆరు దగ్గర ఆగింది. ఆమె దాని మీదే నిలబడి ఏడ్చారు.

ఆ మత్తుకు విరుగుడు అప్పట్లో మా దగ్గర లేదు. సెలైన్ పెట్టి, వేడినీళ్ల సీసాలు చుట్టూ పేర్చి, నాలుక బయటికి లాగి పట్టుకుని నేను ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. నిమిషానికి నాలుగు. ఒక్కోసారి మూడు. మధ్యాహ్నం భోజనం లేదు. అన్నపూర్ణమ్మ గారు గుమ్మంలో కూర్చుని ఆంజనేయ దండకం చదువుతున్నారు, నేను లోపల యేసయ్యను పిలుస్తున్నాను. ఇద్దరిలో ఎవరు ముందు పలికారో తెలియదు గానీ, నాలుగు దాటాక చిట్టిబాబు చెవి కదిలింది. ఐదుకు లేచి, తూలుకుంటూ నాలుగడుగులు వేసి, డాక్టరుగారి బూటు మీద కాలెత్తాడు. ఆయన కాలు వెనక్కి తీసుకోలేదు. పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డారు.

గోడ

మర్నాడే కొత్త పద్ధతి వచ్చింది. యజమానులను తూకం ఎక్కించడం బంద్. కుక్కను ఎత్తుకుని నేనే ఎక్కాలి. పొద్దున్నే క్లినిక్ తెరవగానే నా బరువు చూసి, తూకం పైన గోడ మీద చాక్‌పీసుతో రాయాలి, అందరికీ కనపడేలా. డాక్టరుగారి ఆజ్ఞ.

ఇరవై ఏళ్లకు పైగా నా బరువు దిల్‌సుఖ్‌నగర్ మొత్తానికి తెలుసు. క్రిస్మస్ దాటాక వచ్చినవాళ్లు గోడ చూసి, "ఏంది యాకోబన్నా, పండుగ గట్టిగనే చేసినట్టున్నవ్," అనేవారు. ఒకసారి జ్వరం వచ్చి తగ్గితే, ఎవరో తెలియనావిడ ఇంటికి పులుసు పంపింది. మా ఆవిడతో నేను మధ్యాహ్నం బయట ఏమీ తినలేదని చెప్పే అవకాశం లేకుండా పోయింది. ఆమె క్లినిక్కు వచ్చి గోడ చూసుకుని వెళ్లేది. తర్వాత కుక్కే నిలబడే పెద్ద తూకం వచ్చినా డాక్టరుగారు పాతదాన్ని తీయలేదు, గోడ మీద అంకెను చెరపనివ్వలేదు. నేను మానేసిన రోజు రాసిన డెబ్బై ఒకటి సలోమి వచ్చిన నాటికీ అక్కడే ఉంది.

ఇదంతా విని సలోమి అడిగింది. "మరి గా అరగంట సంగతి సారుకు ఎప్పుడు చెప్పినవ్?"

"చెప్పలే," అన్నాను.

"ఇన్నేండ్లల్ల?"

"కుక్క చెప్పలేదు బిడ్డా. నువ్వన్నట్టే. ఎవ్వరేం అనలే. అందుకే అది ఇంకా నా దగ్గర్నే ఉంది."

ఆ పిల్ల ఆ రోజంతా తల వంచుకునే పని చేసింది. ఇదేం పని పెద్దనాయినా అని ఇంటికి పోతుందేమో అనుకున్నాను. పోయినా నేను తప్పు పట్టేవాణ్ని కాదు.

శుక్రవారం

ఆఖరి రోజు. మర్నాడు సర్టిఫికెట్లు ఇవ్వాలి. నిర్మల కూడా పనికి సెలవు పెట్టి కూతుర్ని చూద్దామని వచ్చింది. నిజానికి చూడ్డానికి కాదు, పట్టుకుపోవడానికి వచ్చిందని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. నేనూ ఆమే బెంచీ మీద కూర్చున్నాం.

చెవిలో పుండుతో ఒక గోధుమరంగు వీధికుక్క వచ్చింది. సాకుతున్నవాళ్లు తెచ్చారు. దానికి పెద్ద తూకం అంటే భయం. ఎక్కిస్తే దూకేస్తోంది. డాక్టరుగారు చిరాకుపడి, "ఏవమ్మా, ఎత్తుకుని పాతదాని మీద ఎక్కు," అన్నారు.

సలోమి కుక్కను గుండెకు హత్తుకుని ఎక్కింది. ఎనభై ఒకటి. దించి, తానొక్కతే ఎక్కింది. "అరవై మూడు," అని అందరికీ వినపడేలా తనే చదివింది. నా పక్కన నిర్మల కూర్చున్నచోటే కదిలింది. "జర మెల్లగ సదవొచ్చు గదా, పెండ్లి గావాల్సిన పిల్ల," అని గొణిగింది.

సలోమి చీటీ మీద లెక్క చేసి డాక్టరుగారికి ఇచ్చింది. ఆయన చూసి, సిరంజిలోకి మందు లాగారు. కుక్క తొడ దగ్గర బొచ్చు పక్కకు తీశారు. సూది ఇంకా తగల్లేదు.

"సార్, ఆగుండ్రి!"

గదిలో అందరూ తిరిగి చూశారు. సలోమి మొహం తెల్లబోయింది. "ఇరవై ఎనిమిది కాదు సార్. పద్దెనిమిది. నేను తప్పు తీసేసిన. నాదే తప్పు."

నిర్మల లేచి నిలబడింది. ఎవరి కాళ్లు పట్టుకోవాలో వెతుకుతున్నట్టు చుట్టూ చూసింది. ఎవరూ అరవలేదు. డాక్టరుగారు సూది వెనక్కి తీశారు. ఎక్కువైన మందును పిచికారీ చేసి పారబోశారు. తాపీగా సూది వేసి, దూది పెట్టి, కళ్లజోడు మీదనుంచి సలోమిని చూశారు. తర్వాత బెంచీ వైపు తిరిగి నన్ను చూశారు.

"ఈ పిల్లకు అర నిమిషం పట్టలేదు. నీకు అరగంట పట్టింది యాకోబూ."

"సార్... మీకెట్ల తెలుసు?"

"ఆ రోజు ట్రే రెండుసార్లు కడిగావు. అంతకుముందు నువ్వు ఒకసారైనా సరిగ్గా కడిగితే కదా నాకు అనుమానం రాకుండా ఉండడానికి."

బెంచీల మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆయనకు అన్నేళ్లూ తెలుసు. తెలిసీ నన్ను పనిలోంచి తీసేయలేదు. గోడ మీద రోజూ నా చేత నిజం ఒకటి రాయించి ఊరుకున్నారు.

మర్నాడు సలోమి ఫోల్డర్ పశువుల కోర్సు కాలేజీలో ఇచ్చి వచ్చింది. నేను చెప్పలేదు, తనే ఎంచుకుంది. మనుషులకు జడిసి మాత్రం కాదు, అది నాకు తెలుసు. తిరుగు బస్సులో తల్లీకూతుళ్లు క్లినిక్ దగ్గర దిగారు. డాక్టరుగారు తడిగుడ్డతో నా డెబ్బై ఒకటి తుడిచేసి, చాక్‌పీసు సలోమి చేతికిచ్చారు. "సెలవులకు వచ్చినప్పుడల్లా రాయి," అన్నారు. ఆమె పెద్ద అంకెలతో అరవై మూడు రాసింది.

నిర్మల ఆ గోడను చాలాసేపు చూసింది. తర్వాత డాక్టరుగారి దగ్గరికి వెళ్లి చేతులు జోడించింది.

"సార్, నా బిడ్డను మీ చేతుల్ల పెడ్తున్న. గా అంకె ఒక్కటి మటుకు జర చిన్నగ రాయించుండ్రి."